బైటూ

పీణ్య రెండో స్టేజిలో
మా రేకుల షాపు గోడకు ఆనించి
నలభై మూడు డబ్బాలు.
బ్యాటరీలకు తొడుగులు. పెయింటు కూడా అయిపోయింది,
పాలపిట్ట రంగు, వాళ్లే కోరి వేయించుకున్నారు.
బిల్లు ఆరు లక్షల ఎనభై వేలు.
తొమ్మిది నెలలుగా వాటి మీద
మునెప్ప టిఫిన్ క్యారియర్ పెట్టుకుంటున్నాడు.

ఇవాళ నిరూప్ వచ్చాడు.
గడ్డం పెరిగింది. కారు లేదు.
మెట్రో దిగి నడిచొచ్చాడట.
"అన్నా, డబ్బు లేదు. బదులుగా వాటాలిస్తాను."
సోడియం అన్నాడు. ఉప్పులో దొరికేదే,
ఓడలకెక్కించి తెచ్చుకోనక్కర్లేదు అన్నాడు.
నీ ఉప్పు తిన్నాను, ఎగ్గొట్టను
అంటాడేమో అని చూశాను.
అనలేదు.

మా నాయన మడకశిర పక్కన
ఏటా శనక్కాయ వేసేవాడు.
షేరంటే ఏమిటో తెలీని మనిషి.
విత్తనాల మూట ముడి విప్పేటప్పుడు
ఆయన మొహం చూసినవాణ్ణి నేను.
పదేళ్లలో మూడేళ్లు కాయ ఇల్లు చేరేది.
తక్కిన ఏడేళ్లూ "వచ్చే కార్తెకు చూద్దాంలే" అనేవాడు.
దాన్ని జూదమని ఒక్కరూ అనలేదు.
సేద్యమన్నారు.

ఇప్పుడా గుట్టల మీద గాలిమరలు.
కౌలు డబ్బు ఒకటో తారీఖుకే పడుతుందని
మా చిన్నాయన కొడుకు ఫోన్ చేసి మరీ చెప్తాడు.
గాలికి పోయే పేలపిండిని కృష్ణార్పణం అనేసినవాళ్లం,
గాలికే అద్దె వసూలు చేస్తున్నాం.

అయినా నాకు తెలుసు.
ఇలాంటి కుర్రాళ్లు ముగ్గురికి ఇదివరకే రేకులు వంచిచ్చాను.
వేణ్ణీళ్ల ప్యానెళ్లవాడి షెడ్డులో ఇప్పుడు బిరియానీ హోటలు.
చెత్త గ్యాసువాడు ఏ ఊళ్లో ఉన్నాడో తెలీదు.
మూడోవాడు నెగ్గాడు. నెలమంగలలో పెద్ద ఫ్యాక్టరీ.
నా ఫోను ఎత్తడు.

ఎండ గెలుస్తుంది, నాకు అనుమానం లేదు.
కానీ ఎండలో వాటా ఎవరూ అమ్మరు.
వీడి చెమటలో అమ్ముతారు,
వీడి పెళ్లి వాయిదాలో, వీడి బ్యాంకు నోటీసులో.

మాట మధ్యలో కరెంటు పోయింది.
మునెప్ప డీజిల్ జనరేటర్ వైపు వెళ్లలేదు.
మూలనున్న నమూనా డబ్బాకు వైరు తగిలించాడు.
గ్రైండర్ తిరిగింది.
పదకొండేళ్లలో మొదటిసారి, కరెంటు లేని వేళ
పక్క షాపులో ఎవరో తుమ్మడం విన్నాను.

యాభై రెండు నిమిషాలు.
తర్వాత డబ్బా వేడెక్కి
ఎర్ర దీపం చూపించి మూగబోయింది.
నిరూప్ తల దించుకున్నాడు.
"పోయిన్నెల ముప్పై ఎనిమిదే నిల్చె కదా సారూ,"
అన్నాడు మునెప్ప, చేతులు తుడుచుకుంటూ.
వీడు నెల్నెల్లా లెక్క చూస్తున్నాడని
నాకు ఇప్పుడే తెలిసింది.

మూల మీద దర్శినిలో
బైటూ కాఫీ చెప్పాను.
ఒక కాఫీ, రెండు గ్లాసులు,
రెంటిలోనూ నురగే ఎక్కువ.
"సగం రొక్కం, నెలకింత. సగం వాటా.
ఆ డబ్బా మూత ఇంకోలా వంచాలి, వేడి బయటికి పోవడానికి.
అది నేను చేసిస్తా. దానికి బిల్లుంటుంది."
వాడు నవ్వాడో, కాఫీ కాలిందో.

సాయంత్రం లెక్కల వామనరావు అడిగాడు:
"ఆ మూడు లక్షల నలభై వేలు
ఆస్తి కింద రాయనా, రాని బాకీ కిందా?"

ఆస్తి కిందే రాయండి.
పెన్సిల్‌తో.
కొంచెం ఒత్తి.